20 రూపాయల కాఫీ, 120 రూపాయల కాఫీ: ఒడిశా సరిహద్దు పట్టణాల్లో కప్పు వెనక లెక్క

క్లుప్తంగా: రాయగడ, జయపురం, పర్లాకిమిడి, బరంపురం లాంటి ఊళ్లలో ఇప్పుడు ఒకే బజారులో మూడు రకాల కాఫీ దొరుకుతోంది. టిఫిన్ హోటల్లో డికాషన్ కాఫీ, బడ్డీ దగ్గర ఇన్‌స్టంట్ పొడి కలిపిన కాఫీ, ఏసీ కేఫ్‌లో మెషిన్ కాఫీ. ధరల్లో తేడా ఆరేడు రెట్లు ఉంటోంది. ఏది బాగుందన్న చర్చ ఎప్పుడూ గింజ పేరు చుట్టూనే తిరుగుతోంది. నిజానికి రుచినీ ధరనీ ఎక్కువగా తేల్చేవి వేరే: ఆ షాపులో గంటకి ఎన్ని కాఫీలు పోతాయి, పాలు ఎలాంటివి, పొడిలో చికోరీ ఎంత, కుర్చీలో మనిషి ఎంతసేపు కూర్చుంటాడు.

పొద్దున్న ఐదున్నర ప్రాంతంలో ఈ ఊళ్లలో ఏ బస్టాండు పక్కనైనా తెలుగువాళ్లు నడిపే టిఫిన్ హోటల్ చూస్తే ఒకే దృశ్యం. బోర్డు మీద ఒడియా అక్షరాలు, లోపల ఆర్డర్లు సగం తెలుగులో. ఇడ్లీ పక్కన చట్నీతోపాటు ఘుగుని (బఠాణీ కూర) గిన్నె కూడా ఉంటుంది. కౌంటర్ చివర మూత పెట్టిన స్టీలు డబ్బా వేడినీళ్ల గిన్నెలో కూర్చుని ఉంటుంది. అదే డికాషన్. మాస్టారు గ్లాసులో పంచదార వేసి, డబ్బాలోంచి చిన్న గరిటెడు డికాషన్ పోసి, మరుగుతున్న పాలు పైనుంచి వదిలి, రెండుసార్లు తిరగబోసి అందిస్తాడు. మొత్తం అర నిమిషం. అదే హోటల్‌కి అదే మనిషి సాయంత్రం నాలుగింటికి వెళ్లి అదే కాఫీ అడిగితే, "పొద్దున్న ఉన్నంత బాలేదేటి?" అని అడగాల్సి వస్తుంది. పొడి మారలేదు, పాలు మారలేదు, మాస్టారూ మారలేదు. మారింది డబ్బాలోని డికాషన్ వయసు.

ఈ ఊళ్లలో కాఫీ షాపులను పోల్చాలంటే ఆ డబ్బా దగ్గర మొదలుపెట్టాలి.

### 1936కి ముందు సరిహద్దు గీత లేదు

ఒడిశాలో రోజూ తాగేది అంటే చాయే. ఆ మాటకొస్తే ఉత్తరాంధ్రలోనూ టీదే పైచేయి. మరి రాయగడలోనూ బరంపురంలోనూ డికాషన్ కాఫీ ఎక్కడినుంచి వచ్చినట్టు? జవాబు పాలనా చరిత్రలో ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడేదాకా బరంపురం, పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేవి. నేటి కోరాపుట్, రాయగడ ప్రాంతాలు జయపురం జమీందారీలో భాగంగా విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. పర్లాకిమిడి ఎస్టేటునైతే రెండు ముక్కలు చేశారు. పట్టణం, కొంత భాగం ఒడిశాకి వెళ్లాయి, మిగతాది మద్రాసులో ఉండిపోయింది.

మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాల్లో కాఫీ హోటళ్లు పుంజుకున్నది సరిగ్గా ఆ ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలోనే. రైల్వే ఉద్యోగి, కోర్టు గుమాస్తా, బడి పంతులు, వ్యాపారి: కాఫీ అలవాటు వీళ్ల వెంట ఊళ్లలోకి వచ్చింది. గీత మారినా అలవాటు కొన్ని వీధుల్లో నిలిచిపోయింది. తర్వాత వచ్చిన పరిశ్రమలు దాన్ని కొంచెం మోశాయి. రాయగడ పక్కన జేకేపూర్ కాగితం మిల్లు, సునాబెడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల కర్మాగారం, దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం, ఇవన్నీ దక్షిణాది ఉద్యోగులు కూడా వచ్చి స్థిరపడిన చోట్లు. అందుకే ఈ జిల్లాల్లో కాఫీ ఊరంతా పరుచుకుని కనిపించదు. స్టేషన్ రోడ్డు, పాత బజారు, క్వార్టర్ల గేటు లాంటి చోట్ల గుంపులుగా ఉంటుంది. రెండు వీధులు దాటితే మళ్లీ చాయే.

చూడ్డానికి ఇది చరిత్ర ముచ్చటలా ఉన్నా కప్పులోని రుచికి దీనితో నేరుగా సంబంధం ఉంది.

### డికాషన్ తిరగాలంటే మనుషులు తిరగాలి

టీ ఎప్పటికప్పుడు కాచుకునే సరుకు. నలుగురు వస్తే నలుగురికి సరిపడా గిన్నె పెడతారు. ఫిల్టర్ కాఫీ అలా కాదు. పొడి మీద వేడినీళ్లు పోసి మూత పెడితే డికాషన్ చుక్కచుక్కగా దిగడానికి పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. గిరాకీ వచ్చాక మొదలుపెడితే కుదరదు. ముందే తీసి ఉంచాలి. ఉంచితే వాసన పోతుంది. కాఫీ వాసనకి మూలమైన పదార్థాలు తేలికగా ఆవిరయ్యేవి. వేడి మీద ఉంచిన డికాషన్‌లో అవి ముందు పోయి, చేదూ పులుపూ మిగులుతాయి. గంట దాటాక తేడా తెలుస్తుంది, మూడు గంటలయ్యాక ఎవరికైనా తెలుస్తుంది.

అంటే ఫిల్టర్ కాఫీ రుచి మనకంటే ముందు ఎంతమంది తాగారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. గంటకి అరవై కాఫీలు పోయే చోట డబ్బా ఖాళీ అవుతూ, కొత్త డికాషన్ దిగుతూ ఉంటుంది. గంటకి ఆరు పోయే చోట ఎంత మంచి పొడి వేసినా మధ్యాహ్నానికి అది నిలవ సరుకే. టీ రాజ్యమేలే ఊళ్లో కాఫీ హోటల్‌కి ఉన్న అసలు కష్టం ఇదే. గిరాకీ తక్కువ కాబట్టి డికాషన్ నిలవుంటుంది. నిలవుంటే రుచి తగ్గుతుంది. రుచి తగ్గితే కాఫీ అడిగేవాడు కూడా "పోనీ, చాయ్ ఇచ్చెయ్" అంటాడు.

ఈ చిక్కుముడికి మూడు రకాల షాపులు మూడు దారులు వెతుక్కున్నాయి. టిఫిన్ హోటల్ గిరాకీ ఉన్న చోటు చూసుకుని అక్కడే ఉంటుంది, లేదా పొద్దున్న పదిలోపే కాఫీ కట్టేస్తుంది. బడ్డీవాడు డికాషన్ గొడవే పెట్టుకోడు. ఇన్‌స్టంట్ పొడి చెంచాడు వేసి పాలు పోస్తాడు. ఒక్క కప్పు అమ్మినా వంద అమ్మినా రుచి ఒకటే, సాయంత్రం పారబోసేదీ ఉండదు. పెళ్లిళ్లలో ఎక్స్‌ప్రెస్సో పేరుతో ఇచ్చే నురగ కాఫీ కూడా ఈ కోవలోదే. ఆవిరితో పాలు పొంగిస్తారు గానీ లోపల ఉన్నది ఇన్‌స్టంట్ పొడి.

కేఫ్ మెషిన్ మూడో దారి. అసలైన ఎస్‌ప్రెస్సో యంత్రం సుమారు తొమ్మిది బార్ల ఒత్తిడితో వేడినీళ్లని పొడిలోంచి తోసి 25-30 సెకన్లలో ఒక్క కప్పుకి సరిపడా డికాషన్ దించుతుంది. గింజ కూడా అప్పటికప్పుడే మర పడుతుంది. రోజంతా ఇద్దరే వచ్చినా ఇద్దరికీ తాజాదే. గిరాకీ లేని ఊరికి సాంకేతికంగా సరిగ్గా సరిపోయే పద్ధతి ఇదే. కాకపోతే యంత్రం, మర, కరెంటు, నేర్చిన మనిషి, ఈ ఖర్చంతా ఆ ఇద్దరి కప్పుల మీదే పడుతుంది.

### చికోరీ ఎందుకు కలుపుతారు

డికాషన్ నిలవుండే చోట చికోరీకి పని పడుతుంది. చికోరీ ఒక మొక్క వేరు. గుజరాత్, ఉత్తరప్రదేశ్‌లలో ఎక్కువగా పండుతుంది. వేయించి పొడి చేసి కాఫీలో కలుపుతారు. అందులో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, కొంచెం మాడిన పంచదార లాంటి చేదు మాత్రం దండిగా ఇస్తుంది. వాసన పోయిన డికాషన్‌కి కూడా నాలుగు గంటల తర్వాత చిక్కదనం మిగిల్చేది అదే. పాలు ఎక్కువ పోసినా రంగు నిలబెట్టేదీ అదే. చికోరీని వట్టి కల్తీగా చూడటం సరికాదు. చాలామందికి ఫిల్టర్ కాఫీ రుచి అంటేనే చికోరీ కలిసిన రుచి.

కాకపోతే దానికో హద్దుంది. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన. ఎంత శాతం ఏదో ప్యాకెట్ మీద రాయాలి. ప్యాకెట్ మీద ఉంటుంది గానీ హోటల్ కౌంటర్ మీద ఉండదు, వాడుకరికి తెలిసే దారి లేదు. విడిగా కొన్న పొడి అయితే ఇంట్లో చూసుకోవచ్చు. గాజు గ్లాసులో చల్లటి నీళ్లు తీసుకుని చిటికెడు పొడి చల్లాలి. కాఫీ పైన తేలుతుంది. చికోరీ కొద్ది సెకన్లలోనే గోధుమరంగు తోకలు వదులుతూ కిందికి జారుతుంది. ఆ తోకలు ఎంత దట్టంగా ఉంటే చికోరీ అంత ఎక్కువ.

### పాల దగ్గర తేలే లెక్క

ధర పెంచినప్పుడల్లా హోటళ్లు చెప్పే కారణం కాఫీ పొడి రేటు. అందులో నిజం ఉంది. బ్రెజిల్, వియత్నాంలలో వానలు తప్పడంతో 2024లో అంతర్జాతీయ ధరలు ఎగబాకాయి. 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్‌లో అరబికా రకం గింజ పౌను నాలుగు డాలర్లు దాటింది. భారత కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతయ్యేదే కాబట్టి ఇక్కడి రేటూ దాని వెంటే నడిచింది. అయితే ఆ పెరుగుదల ఒక కప్పులో ఎంత?

ఒక చిన్న లెక్క వేసుకోవచ్చు. ఇవి లెక్క కోసం తీసుకున్న అంకెలే. గ్లాసుకి 8 గ్రాముల పొడి అనుకుంటే కిలోకి 125 కాఫీలు. కిలో పొడి 600 రూపాయలైతే కప్పుకి 4 రూపాయల 80 పైసలు. కిలో 800కి పెరిగితే 6 రూపాయల 40 పైసలు. అంటే కిలోకి 200 పెరిగినా కప్పుకి పెరిగేది 1 రూపాయి 60 పైసలు. లీటరు 60 రూపాయల చొప్పున 90 మిల్లీలీటర్ల పాలకు 5 రూపాయల 40 పైసలు. పొడీ పాలూ దాదాపు సరిసమానం. ఆపైన పంచదార, గ్యాసు, జీతాలు, అద్దె.

ఇప్పుడు చికోరీ. చికోరీ కిలో 200, కాఫీ 800 అనుకుందాం. 80-20 మిశ్రమం కిలో 680 పడుతుంది, 60-40 అయితే 560. కప్పుకి తేడా 96 పైసలు. రోజుకి 300 కాఫీలు అమ్మే హోటల్‌కి 288 రూపాయలు. ఒక మనిషి కూలిలో చెప్పుకోదగ్గ వాటా. ధర పెంచకుండా నెట్టుకొచ్చే హోటల్ ముందు ఇక్కడే సర్దుకుంటుంది. లేదా గ్లాసు చిన్నదవుతుంది. ఈ రెండూ ధరల పట్టికలో కనిపించవు.

పాలలో సర్దుబాటు మాత్రం నాలుకకి వెంటనే దొరుకుతుంది. టోన్డ్ పాలలో వెన్న 3 శాతం, స్టాండర్డ్ పాలలో 4.5, ఫుల్ క్రీమ్‌లో 6. చేదుని కప్పి నాలుక మీద నిలబడేది వెన్నే. ఒకే పొడి టోన్డ్ పాలలో 'నీళ్ల కాఫీ' అనిపించి, ఫుల్ క్రీమ్‌లో చిక్కగా అనిపించడం మామూలే. పైగా టీకీ కాఫీకీ ఒకటే గిన్నె పెట్టి పొద్దుటినుంచి మరిగించే చోట పాలకే ఒక మాడు వాసన వస్తుంది. జనం దాన్ని కాఫీ పొడి ఖాతాలో వేస్తారు.

### కేఫ్‌లో అమ్మేది కుర్చీ

కేఫ్ కప్పుని కూడా ఇలాగే విప్పి చూడొచ్చు. రెండు షాట్లకు (కప్పులో పడే రెండు విడతల ఎస్‌ప్రెస్సోకి) 18 గ్రాముల గింజ, కిలో 1500 చొప్పున 27 రూపాయలు. 180 మిల్లీలీటర్ల పాలు 10 రూపాయల 80 పైసలు. రెండూ కలిపి 38 లోపు. కప్పు 120కి అమ్మితే మిగతా 82 రూపాయలు దేనికి? దోపిడీ అని కొట్టిపారేయడం తేలిక. కానీ టిఫిన్ హోటల్ బల్ల దగ్గర మనిషి ఐదారు నిమిషాల్లో లేస్తాడు, లేవకపోతే వెనక నిలబడ్డవాడి చూపే లేపుతుంది. కేఫ్‌లో ఇద్దరు రెండు కాఫీలు పెట్టుకుని గంటన్నర కూర్చుంటారు. ఆ గంటన్నరలో టిఫిన్ హోటల్ బల్ల పది పదిహేనుసార్లు తిరుగుతుంది. ఆ తేడా, ఏసీ బిల్లు, యంత్రం వాయిదా కలిపితే 82 రూపాయలు పెద్ద మిగులేమీ కాదు.

గుణుపురం, పర్లాకిమిడిల్లో ఇంజనీరింగ్ కాలేజీలు, యూనివర్సిటీల చుట్టూ కేఫ్‌లు రావడానికి కారణం ఇదే. హాస్టల్ పిల్లలకి కావలసింది కాఫీ కంటే ముందు కూర్చునే చోటు. ముఖ్యంగా ఆడపిల్లలకి. బస్టాండు బడ్డీ దగ్గర నిలబడి తాగడం ఈ చిన్న ఊళ్లలో ఇప్పటికీ మగవాళ్ల వ్యవహారంగానే సాగుతోంది. ఆ రకంగా చూస్తే కేఫ్ పోటీ టిఫిన్ హోటల్‌తో కాదు. సినిమా హాలుతో, పార్కు బెంచీతో.

### పక్క కొండ గింజ పక్క ఊళ్లో ఎందుకు కనబడదు

కొత్త కేఫ్‌ల బోర్డుల మీద ఎక్కువగా కనిపించే మాట 'కోరాపుట్ కాఫీ'. ఇది పేరు కోసం పుట్టించింది కాదు. ఈ కొండల్లో కాఫీ మొక్క జయపురం రాజుల కాలంలో, 1930 ప్రాంతంలోనే వచ్చింది. తర్వాత మచ్‌కుండ్ జలవిద్యుత్ ప్రాజెక్టు పరీవాహకంలో మట్టి కొట్టుకుపోకుండా ఆపడానికి 1958లో భూసంరక్షణ శాఖ కాఫీ వేయించింది. అంటే ఇక్కడ కాఫీని సర్కారు వేసింది తాగడానికి కాదు, మట్టిని పట్టి ఉంచడానికి. ఒడిశా గిరిజనాభివృద్ధి సహకార సంస్థ 2019లో 'కోరాపుట్ కాఫీ'ని బ్రాండుగా తెచ్చి, రైతుల దగ్గర పండు కొని, సొంత కేఫ్‌లు కూడా తెరిచింది. గీతకి ఇవతల అరకు అరబికాకి భౌగోళిక గుర్తింపు దక్కింది కూడా 2019లోనే. తూర్పు కనుమల్లో ఒకే వరస కొండలు, ఒకే జాతి మొక్క. రెండు రాష్ట్రాలు, రెండు పేర్లు.

అయినా జయపురం టిఫిన్ హోటల్ డబ్బాలో ఈ గింజ దొరకడం అరుదు. రెండు కారణాలు. మొదటిది రుచి. ఇక్కడ పండేది అరబికా, దాని గుణం వాసన, సన్నటి పులుపు. పాలూ పంచదారా దండిగా పడే గ్లాసులో నిలబడేది చేదు ఎక్కువున్న రోబస్టా రకం గింజ, చికోరీ. హోటల్ మాస్టారుకి 'రంగు పడని' అరబికా బరువే. రెండోది ప్రయాణం. ఆరు కిలోల పండుకి సుమారు ఒక కిలో గింజ దిగుతుంది. తొక్క తీయడం, ఎండబెట్టడం, పొట్టు తీయడం, వేయించడం అన్నీ జరగాలి. వేపుడు, పొడి వ్యాపారం పెద్ద ఎత్తున ఉన్నది వేరే ఊళ్లలో. హోటల్‌కి అప్పు మీద పొడి ఇచ్చేది పాత డీలరే. ఆ అప్పు ముందు పక్క కొండ మీది అభిమానం నిలబడదు.

పండించేవాళ్ల సంగతి ఇంకా వేరు. కాఫీ పండు కోసే కొండ గ్రామాల్లో పొద్దున్న తాగేది నేటికీ మండియా పేజ్, మనం అంబలి అనే రాగిజావ.

### రెండు షాపుల్ని పోల్చేటప్పుడు

ఇంత తేడా ఉన్నప్పుడు 'ఊళ్లో బెస్ట్ కాఫీ' అన్న చర్చ సగం అర్థం లేనిదే. పోల్చితే ఒకే జాతి షాపుల్ని పోల్చాలి, అదీ ఒకే వేళలో. పొద్దున్న ఏడింటి హోటల్‌ని సాయంత్రం ఐదింటి హోటల్‌తో పోలిస్తే తేలేది డికాషన్ వయసే. మొదటి గుక్క పంచదార లేకుండా తాగితే పాలలో మాడు, పొడిలో చికోరీ రెండూ బయటపడతాయి. కేఫ్‌లో గింజ మంచిదో కాదో తెలియాలంటే పాలు లేని కాఫీ ఒకసారి అడగాలి, వేయించిన తేదీ అడగాలి. మర పట్టిన పొడి కొద్ది రోజుల్లోనే వాసన కోల్పోతుంది. తేదీ చెప్పలేని చోట 'కోరాపుట్' అనో 'అరకు' అనో బోర్డు మీద ఎంత పెద్ద అక్షరాలు రాసినా లాభం లేదు.

ఎత్తు సంగతి కూడా ఒకటుంది. కోరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. బరంపురంలో వంద. కాఫీకి 90 నుంచి 96 డిగ్రీలే తగిన వేడి కాబట్టి కొండ మీద డికాషన్‌కి ఇది లోపం కాదు.

### ముందేం మారొచ్చు

రాయగడ కేంద్రంగా కొత్త రైల్వే డివిజన్‌కి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆఫీసులు, క్వార్టర్లు వచ్చేకొద్దీ విజయనగరం, విశాఖ వైపునుంచి వచ్చే ఉద్యోగులతో స్టేషన్ రోడ్డు హోటళ్లలో డికాషన్ మళ్లీ వేగంగా తిరిగే అవకాశం ఉంది. సాలూరు ఘాట్ మీదుగా దేవమాలి కొండకి వెళ్లే కార్లు సెమిలిగుడ, సునాబెడల్లో కేఫ్‌లకి శని, ఆదివారాల గిరాకీ ఇస్తున్నాయి. మిగతా ఐదు రోజులు గడవడమే వాటికి గండం.

ఎదురుగాలి కూడా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఇన్‌స్టంట్ కాఫీ మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి దిగింది. వేయించిన గింజ మీద పన్ను ముందునుంచీ 5 శాతమే. ఇన్నాళ్లూ గింజకి అనుకూలంగా ఉన్న ఆ పన్ను తేడా పోయింది. గంటకి పది కాఫీలు కూడా పోని హోటల్ యజమాని ఇప్పుడు వేసుకునే లెక్క తేలికే: పావుగంట కాచుకుని, సాయంత్రం పారబోసే డికాషనా, చెంచాడు పొడా? గుణుపురం లాంటి చోట్ల డబ్బా స్థానంలో ఇన్‌స్టంట్ సీసా కనబడితే ఆశ్చర్యం లేదు. మెనూ మీద మాత్రం 'ఫిల్టర్ కాఫీ' అనే ఉండొచ్చు. కౌంటర్ చివర వేడినీళ్ల గిన్నెలో స్టీలు డబ్బా ఉందో లేదో చూసుకుని ఆర్డర్ ఇవ్వడం మంచిది.